సువర్ణ మీద బల్లకట్టు

412వ పొద్దు

పొద్దున్నే నాలుగు కంప్యూటర్లకీ దుమ్ము దులిపాను. ఊరి పైకప్పు ఎంత గట్టిగా బిగించినా ఈ గ్రహం దుమ్ము ఎక్కడో సందు చూసుకుని లోపలికి వస్తుంది. మిరప్పొడిలా ఎర్రగా మీటల మధ్య కూర్చుంటుంది. గౌతమి అనే కంప్యూటర్ మీద రెండు మీటలు అంటుకుపోతే గుడ్డ తడపబోయి, నీళ్ళ కోత గుర్తొచ్చి, ఉమ్మితో సరిపెట్టాను. ఇది మా ఆటల గ్రంథాలయం నిబంధనలకు విరుద్ధం. ఆ నిబంధనలు రాసింది నేనే కాబట్టి నన్ను నేనే క్షమించుకున్నాను.

తర్వాత లోకనాథం వచ్చి ఆడేవాళ్ళ కుర్చీలో కూర్చున్నాడు. నేను రాసేవాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళుగా మా వరస ఇదే. ఆడేవాళ్ళు రాయకూడదు, రాసేవాళ్ళు ఆడకూడదు. ఆడుతూ ఓడినవాడి చేతికి కలమిస్తే కంప్యూటర్ను తిట్టిపోస్తాడని పెద్దలు పెట్టిన పద్ధతి.

ఈరోజు ‘తేనెపట్టు’ ఆట. గౌతమి మీద తేనెటీగలకు రెక్కలున్నాయి. శబరి మీద అవి వట్టి చుక్కలు. కానీ శబరి మీద పట్టు కదిలినప్పుడు లేచే రొదకు లోకనాథం రెండుసార్లు మెడ వెనక తడుముకున్నాడు. శబరికి ఒక మార్కు ఎక్కువ వేశాను.

మొదట వచ్చినవాళ్ళు ఇక్కడ నాలుగు ఊళ్ళు కట్టుకున్నారు. ఒకే ఓడలో దిగిన చిప్పులు పంచుకుని ఎవరి ఇంటి కంప్యూటర్ వాళ్ళు చేసుకున్నారు. మా ఊరిది కిన్నెర. మూతపడిన దిగువపేటది సువర్ణ. గౌతమి, శబరి మిగతా రెండు ఊళ్ళవి. ఒక ఊళ్ళో మంచి ఆట పుడితే మిగతా మూడు ఊళ్ళూ దాన్ని తమ కంప్యూటర్ మీద మళ్ళీ కట్టేవి. ఏది ఎలా కుదిరిందో పోల్చి ‘పోలిక పుస్తకం’లో రాయడం నా ఉద్యోగం. ఇంతకంటే మంచి ఉద్యోగం ఈ గ్రహం మీద లేదు. భూమి మీద కూడా ఉండదనే నా అనుమానం.

మధ్యాహ్నం సింహాచలం వచ్చాడు. ఊరి కరెంటూ నీళ్ళూ రెండూ చూసేది అతనే. వాడిన నీటిని మంచినీరు చేసే పంపులో చిప్పు కాలిపోయిందట. అలాంటి చిప్పులు ఈ చుట్టుపట్ల ఇక మా గ్రంథాలయంలోనే ఉన్నాయి. ఇదివరకు గాలిమర కోసం ఒకటి, ఆసుపత్రి కోసం రెండు ఇలాగే విప్పి ఇచ్చాం. అందుకే ఇప్పుడు రకానికి ఒక్కటే మిగిలింది. ఒకటి విప్పితే ఆ రకం ఆటలన్నీ పోయినట్టే. ఊరి పెద్ద కంప్యూటర్ గాలి లెక్కలకే చాలదు, దాన్ని ఆటలకు ఇవ్వరు.

“పైడక్కా, 425వ పొద్దు లోపల ఓటి కావాల,” అన్నాడు సింహాచలం. “ఏది ఇస్తావో నీ ఇష్టం. నువ్వు రాసి సంతకం పెడితే సాలు.”

నేను పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా సువర్ణ అన్నాను.

413వ పొద్దు

సువర్ణ ఎందుకో ఇక్కడ రాసి పెడతాను, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

నాలుగు కంప్యూటర్ల మీదా ఉన్న ఆటలు పదకొండు. అందులో రాణి ‘బల్లకట్టు’. ఒడ్డున మనుషులు, గంపలు, ఒక మేక ఉంటారు. గడ వేసి అందరినీ బల్లకట్టు మీద అవతలి ఒడ్డుకు చేర్చాలి. సుడులు తప్పించాలి, బరువు ఒక పక్కకు ఒరగకుండా చూడాలి. మొదటి దాటుకు ఒక పడవపాట ఉంది. పాట అయ్యేసరికి ఒడ్డు వస్తుంది. కిన్నెర, గౌతమి, శబరి మీద ఇది సరిగ్గా ఐదు నిమిషాలు. సువర్ణ మీద ఆరు. అక్కడ పాట ఏడుపులా సాగుతుంది. గడ తీశాక కూడా పడవ చెప్పిన మాట వినదు. ఉన్నవి రెండే రంగులు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పుస్తకంలో ఒక వాక్యం రాశాను: “సువర్ణ మీద బల్లకట్టు ఎక్కిన మేక అవతలి ఒడ్డు చేరేసరికి ముసలిదవుతుంది.” ఊరంతా నవ్వింది. ఇప్పుడు భోజనశాలలో వరస కదలకపోయినా, పెళ్ళికొడుకు ఆలస్యమైనా ‘సువర్ణ మేక’ అంటారు. నా వాక్యం సామెతైందని లోలోపల గర్వపడుతూనే ఉన్నాను. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఒక కంప్యూటర్ను విప్పేముందు దాని ఆటలన్నీ చివరిసారి ఆడి రాయాలి. దాన్ని వీడ్కోలు ఆట అంటాం. ఆట కట్టినవాళ్ళు బతికుంటే వాళ్ళకు చెప్పాలి. సువర్ణ మీద బల్లకట్టు కట్టింది తవిటమ్మ పిన్ని. దిగువపేట మూసేసినప్పుడు కంప్యూటర్తో పాటు ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆకుకూరల అరలు చూసుకుంటుంది. ఇన్నేళ్ళలో గ్రంథాలయం గడప తొక్కలేదు. మొహమాటస్తురాలు అనుకునేదాన్ని.

నేను వెళ్ళేసరికి గోంగూర కత్తిరిస్తోంది. విషయం చెప్పాను. కత్తెర ఆగలేదు. ఊరికి నీళ్ళు కావాలి కదా, తీసుకోండి అంది. వీడ్కోలు ఆటకు రమ్మంటే అరలు వదిలి రాలేనంది. వస్తుంటే నా చేతిలో గోంగూర కట్ట పెట్టింది. ఎంత మంచి మనిషో అనుకుంటూ తెచ్చుకుని పచ్చడి చేసుకున్నాను.

416వ పొద్దు

నీళ్ళ కోత పెరిగింది. స్నానం మూడు పొద్దులకొకసారి కాస్తా రద్దయింది. మనిషికి రెండు చెంబులు. లోకనాథం పక్కన కూర్చోవడం కష్టంగా ఉంది. నా పక్కన కూర్చోవడం ఎలా ఉందో అతను చెప్పలేదు, పెద్దమనిషి.

సువర్ణ వీడ్కోలు ఆటలు మొదలుపెట్టాం. ‘తేనెపట్టు’, ‘ఇటుకబట్టీ’, ‘చేపలబుట్ట’ అయ్యాయి. అన్నీ నత్తనడకే. బల్లకట్టు చివరికి ఉంచాం.

418వ పొద్దు

పంపు సగం వేగంతోనే నడవడంతో కరెంటు కేంద్రాన్ని చల్లబరచడానికి నీళ్ళు చాలక, సింహాచలం దాన్ని ఆపేశాడు. పంపు బాగయ్యేదాకా పాత జనరేటర్ నడుపుతాడట. అది దిగువపేట సామాను. తవిటమ్మ పిన్నీ, సువర్ణా వచ్చిన బండి మీదే వచ్చింది. ఇన్నేళ్ళూ షెడ్డులో గోనెపట్టా కప్పుకుని పడుకుంది. మొదట రెండుసార్లు దగ్గి, తర్వాత బాగానే అందుకుంది. పంకాలు హుషారుగా తిరుగుతున్నాయి. దుమ్ము కూడా హుషారుగానే లేస్తోంది.

419వ పొద్దు

ఇవాళ రెండు గొడవలు.

మొదటిది అన్నం గొడవ. గోడ గడియారం పన్నెండు కొట్టగానే ఊరంతా భోజనశాలకు వెళ్ళాం. అన్నం ఉడకలేదు. వంటవాళ్ళు ఎప్పటిలాగే ఎసరు పెట్టామంటారు, జనం నిద్రపోయారంటారు. నేనూ నాలుగు మాటలు అన్నాను. ఆకలి మీద ఉన్నాను.

రెండోది ఇంకా పెద్దది. బల్లకట్టు వీడ్కోలు ఆటకు కూర్చున్నాం. సువర్ణ మీద లోకనాథం ఆడుతుంటే నేను ఎప్పటిలా గోడ గడియారం మీద కన్నేసి కూర్చున్నాను. ఆరు నిమిషాలు. ఎప్పుడూ వచ్చేదే వచ్చింది. ఇవాళ చెయ్యి తేలిగ్గా ఆడుతోందన్నాడు లోకనాథం. రాత్రి బాగా పడుకుని ఉంటాడనుకున్నాను.

పోల్చడానికి కిన్నెర మీద పెట్టాం. అది కూడా ఆరు నిమిషాలు పట్టింది. మళ్ళీ ఆడమన్నాను, మళ్ళీ ఆరే. గౌతమి ఆరు, శబరి ఆరు. ఐదు నిమిషాల కంప్యూటర్లు మూడూ ఒక్క రోజులో సువర్ణలా చతికిలబడ్డాయి. “మూడింటికీ ఏదో జబ్బు చేసింది. దిగువపేట కరెంటు పడలేదేమో. సువర్ణ ఒక్కటే ఆరోగ్యంగా ఉంది, అంటే ఎప్పటిలాగే ఉంది,” అని రాశాను.

నిజంగా భయపడ్డాను. ఒకటి ఇద్దామనుకుంటే నాలుగూ పోయేలా ఉన్నాయి.

420వ పొద్దు

దీన్ని నిదానంగా రాయాలి.

పొద్దున సింహాచలం వచ్చి నిన్నటి అన్నం గొడవకు తనదే తప్పన్నాడు. మా ఊరి కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది. దిగువపేట జనరేటర్ అరవైసార్లు. రెండు ఊళ్ళ కేంద్రాలూ రెండు వేర్వేరు దేశాల ఓడల్లో వచ్చాయి కాబట్టి అలా. ఊళ్ళో గోడ గడియారాలు తీగలోంచి వచ్చే ఈ కొట్టుకోవడాన్నే లెక్కపెట్టి ముల్లు తిప్పుతాయి. అందుకని గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పరిగెడుతున్నాయి. అతని చేతిగడియారం స్ప్రింగుది, దానికి కరెంటుతో పని లేదు, అందుకని తెలిసింది.

అతను అటు వెళ్ళగానే లోకనాథం, నేను పలక మీద లెక్క వేశాం. గడియారం ఉరుకుతుంటే ఐదు నిమిషాల ఆట ఆరు చూపిస్తుంది. అంటే కిన్నెరకూ, గౌతమికీ, శబరికీ ఏ జబ్బూ లేదు. లోకనాథం హమ్మయ్య అన్నాడు. నేను అనలేకపోయాను. మరి సువర్ణ కూడా గడియారంతో పాటు పరుగెత్తకపోతే నిన్న ఏడు నిమిషాలు దాటాలి. ఆరే చూపించిందంటే అది కూడా గోడ గడియారంలాగే తీగలోంచి కాలం తీసుకుంటోంది. మిగతా మూడింటికి కాలం చెప్పేది లోపలి స్ఫటికం. సువర్ణకు చెప్పేది ఊరి కరెంటు.

దిగువపేట కరెంటు అరవై. మాది యాభై. ఆ కంప్యూటర్ను ఈ ఊరు తెచ్చిన మొదటి రోజు నుంచీ కాళ్ళకు సంకెల వేసి పరుగు పందెంలో నిలబెట్టాం. దాని మీద నేను సామెత కట్టాను.

సింహాచలాన్ని వెనక్కి పిలిచి చేతిగడియారం అడిగి పుచ్చుకున్నాను. లోకనాథం సువర్ణ మీద బల్లకట్టు ఆడాడు. ఐదు నిమిషాలు, ఒక సెకను అటూ ఇటూ లేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలే ఓడు, పాపం ఆటగత్తె బాగానే ఆడింది.

అప్పుడు గడియారం పక్కన పెట్టి మళ్ళీ ఆడమన్నాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ తెర వైపు తిన్నగా చూశాను. ఏడుపనుకున్న పాట పనిచేసేవాళ్ళ పాట. గడ పడే చోటల్లా దరువు పడుతుంది. గడ తీశాక కూడా పడవ కాసేపు సాగుతుంది, మొండితనంతో కాదు, కింద నీళ్ళు నడుస్తున్నాయి కాబట్టి. గంపల ముసలమ్మ ఒక పక్కకు జరిగితే పడవ నెమ్మదిగా ఒరిగి, నెమ్మదిగా లేస్తుంది. నేను నదిని చూడలేదు. ఈ గ్రహం మీద పుట్టినవాళ్ళెవరూ చూడలేదు. అయినా కుర్చీ పట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ పడిపోతానో అని.

లోకనాథం మీటల మీంచి చెయ్యి తీసి నా వైపు చూసి, ఆమెకు చెప్పాలన్నాడు. నాకూ తెలుసు. పిన్ని ఇచ్చిన గోంగూర పచ్చడి ఇంకా గిన్నెలో ఉంది. తినబుద్ధి కాలేదు.

421వ పొద్దు

తవిటమ్మ పిన్ని రానంది. అరలకు తడి చూసుకోవాలంది. నేను అరల ముందే నేల మీద కూర్చున్నాను. వచ్చేదాకా లేవనని చెప్పాను. యాభై రెండేళ్ళ మనిషి నేల మీద కూర్చుంటే చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. నవ్వనీ. ఆమె కత్తెర పక్కన పెట్టి నా వెనకే వచ్చింది కానీ గ్రంథాలయం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

లోకనాథం మొదలుపెట్టాడు. పాట అందుకుంది. ఆమె గుమ్మం పట్టుకుని నాలుగు గడల దాకా విని, గడప దాటి లోపలికి వచ్చింది.

“ఒలె పైడీ, ఇదేనే,” అంది. “ఇదే నాను సేసింది.”

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక సిగ్గేసింది, చెప్పాల్సిన అవసరం ఆమెకెందుకు? కానీ చెప్పింది.

“ఈ ఊరొచ్చిన వారంలో ఇక్కడే గుమ్మంలో నిలబడి ఇన్నాను. సావుపాటలా ఉన్నాది. నా సేత్తో నాను ఇలాటిది సేసినానా అనుకున్నాను. ఊరు పోయిన దిగుల్లో ఉన్నదాన్ని పెద్దది సేసి గుర్తెట్టుకున్నాను గావాల అనుకున్నాను. తరవాత నువ్వు రాసినావు. సదువుకున్నదానివి, నాలుగూ సూసినదానివి. నిజమే గావాల అనుకున్నాను.”

కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే తీసుకోలేం. నాది కలం జారింది. ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. ఏడ్చాను కూడా. లోకనాథం మర్యాదగా శబరికి దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

తర్వాత ఆమె ఆడేవాళ్ళ కుర్చీలో కూర్చుంది. వేళ్ళు వంగిపోయాయి, అయినా ఒక్క సుడికీ దొరకలేదు. ఆడుతూనే చెప్పింది. భూమి మీద నాగావళి ఒడ్డు పక్క ఊళ్ళో పుట్టి, తొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చిందట. తండ్రితో సంతకు వెళ్ళేటప్పుడు బల్లకట్టు ఎక్కేదట. దిగువపేటలో ఈ ఆట కట్టమన్నప్పుడు, కంప్యూటర్లో ఉన్న చోటంతా నీళ్ళకే ఖర్చుపెట్టింది. గడ తీస్తే పడవ ఆగకూడదు, నీళ్ళు ఆగవు కదా అంది. అందుకే రంగులకు చోటు మిగల్లేదు. రెండేళ్ళు పట్టింది.

పుస్తకంలో మేక వాక్యం కొట్టేస్తానన్నాను. ఒద్దంది. ఊరు నవ్వుకుంది, నవ్వుకోనీ, కింద కరెంటు తప్పని రాయి చాలు అంది. రాశాను, తేదీ వేసి, పెద్ద అక్షరాలతో.

422వ పొద్దు

ఇక సువర్ణను ఇవ్వలేను. మరి ఏది ఇవ్వాలి?

పోలిక అంతా మళ్ళీ మొదటి నుంచి చేశాం. పదకొండు ఆటలు, నాలుగు కంప్యూటర్లు, సింహాచలం చేతిగడియారం. ఈసారి నేను తెర చూశాను, గడియారం లోకనాథం భార్య చూసింది. ఆమెకు ఆటలంటే పడదు కాబట్టి నమ్మకస్తురాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. మధ్యలో తవిటమ్మ పిన్ని గోంగూర వేసిన పప్పు పంపింది. ఈసారి తిన్నాను.

శబరికి చప్పుళ్ళలో సాటి లేదు. గౌతమి మీద బొమ్మలు చిన్నవైనా ఎవరి నడక వారిదే. సువర్ణ మీద ప్రతిదానికీ బరువుంది, ఇటుకకు ఇటుక బరువు, చేపకు చేప బరువు. దిగువపేట వాళ్ళంతా అలాగే ఆలోచించేవాళ్ళేమో. ఇక కిన్నెర. ఎనిమిది రంగులు, తళతళలాడే నీళ్ళు, మూడు గొంతుల పాట. కానీ పడవ అద్దం మీద జారినట్టు జారుతుంది. మనుషులు బొమ్మల కొలువులో నిలబెట్టినట్టు నిలబడతారు. ఏ పక్క నిలబెట్టినా ఒకటే. పదకొండింటిలో ఏడింట్లో కిన్నెర చివర వచ్చింది.

పాత పేజీలు తిప్పి చూశాను. అవే ఆటల్లో తొమ్మిదింటికి కిన్నెరను మొదట పెట్టాను. కిన్నెర మా ఊరిది. నా ఏడో ఏట మా వీధి గదిలో దాని ముందు కూర్చుంటే అమ్మ చెవి పట్టుకుని లేపాల్సి వచ్చేది. కాకి పిల్ల కాకికి ముద్దు. గడియారం తప్పు కరెంటుది, ఈ తప్పు నాదే.

423వ పొద్దు

లోకనాథంతో పోట్లాట. ఇరవై ఆరేళ్ళలో మాకిది రెండోది. మొదటిది కిటికీ గురించి.

శబరిని ఇద్దామంటాడు. శబరి ఊరివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు, అడిగే దిక్కు లేదంటాడు. నేను చాలాసేపు ఆలోచించాను. అబద్ధమెందుకు, ఆ పేరు ఒక కాగితం మీద రాసి కూడా చూశాను. చూడటానికి బాగానే ఉంది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు, నా కిన్నెర నాకుంటుంది. కానీ అడిగే దిక్కు లేని కంప్యూటర్ గురించి రాయడానికే కదా నాకు ఈ కుర్చీ ఇచ్చారు. ఒకసారి ఊరి నవ్వు చూసుకుని రాశాను. ఈసారి నా ముద్దు చూసుకుని రాస్తే ఇక నాకూ ఆ గడియారానికీ తేడా ఏముంది?

“మనూరిది మనమే కోసుకుంటామేటి?” అన్నాడు లోకనాథం.

కోసుకుంటామన్నాను. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయి, గంట తర్వాత తన వాటా రెండు చెంబుల్లో ఒక చెంబు నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ముఖం కడుక్కున్నాను.

424వ పొద్దు

కిన్నెర అని రాసి సంతకం పెట్టాను. సింహాచలం రెండుసార్లు చదివాడు. నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను.

రేపటి నుంచి కరెంటు కేంద్రం మళ్ళీ నడిస్తే సువర్ణ మళ్ళీ యాభైకి పడిపోతుంది కదా అని నా దిగులు. అదీ అతనికే చెప్పాను. జనరేటర్ను ఇన్నేళ్ళు తిప్పకుండా పడేయడమే తప్పట, ఇకమీద వారానికి ఒక గంట తిప్పకపోతే బిగుసుకుపోతుందట. ఆ గంటసేపు తీగ గ్రంథాలయానికి లాగుతానన్నాడు. గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా సువర్ణ సరైన వేగంతో ఆడుతుంది. తలుపు మీద కాగితం అంటించాను. సాయంత్రానికే పదమూడు మంది పేర్లు రాసుకున్నారు. అందులో తొమ్మిది మంది ‘సువర్ణ మేక’ అనే మాట రోజూ వాడేవాళ్ళే.

425వ పొద్దు

కిన్నెర వీడ్కోలు ఆట. వీడ్కోలు ఆటను ఆ కంప్యూటర్ అంటే అందరికన్నా ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్ళు ఆడాలి. అందరూ నా వైపే చూశారు. నేను ఆడితే రాసేదెవరు? లోకనాథం తన చెయ్యి ఆడదన్నాడు. అప్పుడు తవిటమ్మ పిన్ని చేతులు చీర కొంగుకు తుడుచుకుని, రాసేవాళ్ళ కుర్చీలో కూర్చుని కలం తీసుకుంది.

ఇరవై ఆరేళ్ళు ఊరందరి ఆటకూ వంకలు పెట్టినదాన్ని మొదటి సుడిలోనే ఇద్దరు మనుషుల్ని ముంచాను. లోకనాథం కిటికీలోంచి బయటకు చూశాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. రెండోసారి బరువు మరిచి ఎడమకు పోయాను. కిన్నెర మీద బరువుకు లెక్క లేదు కాబట్టి బతికిపోయాను. మూడోసారి పాట అయ్యేసరికి ఒడ్డు చేరాను. నీళ్ళు తళతళలాడాయి. ఎనిమిది రంగులూ నాకు ఏడేళ్ళప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో.

పిన్ని చాలాసేపు రాసింది. నేను భయపడుతూ కూర్చున్నాను. నా గురించి కాదు, కిన్నెర గురించి. ఆమె ఏం రాసినా నాకు అనడానికి నోరు లేదు. రాసి పుస్తకం నా వైపు తిప్పింది. ఇది ఆమె రాసింది, అక్షరం మార్చకుండా ఎక్కిస్తున్నాను:

“కిన్నెర మీద బల్లకట్టు. నేను ఎరిగిన నది ఇలా ఉండదు. ఇది నదిని చూడనివాళ్ళు, చూడబోని పిల్లల కోసం కట్టిన నది. ఆ పిల్లల్లో ఒకతె దీన్ని చూసి నది అంటే ఇష్టపడింది. అంత ఇష్టపడినందుకే నా నదిని గుర్తుపట్టింది. ఆట బాగుంది.”

రాసినది నిజమైతే ఆడినవాళ్ళు కింద సంతకం పెట్టాలి. పెట్టాను.

సింహాచలం మూత విప్పి చిప్పు తీసుకుని, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఐదింటికి పంపు తిరిగింది. ఆరింటికి మా వరసలో నీళ్ళొచ్చాయి. తవిటమ్మ పిన్ని ముందు గోంగూరకు పోసుకుంది. నేను కుంకుడుకాయతో తలంటుకున్నాను, హాయిగా, రెండు బకెట్లు.